పాత సెయింట్ పాల్స్ చెక్క గుడి: రెండు అంకణాల మోడల్, పని డైరీ

మొత్తం 14 కమానులు కావాలి. మొదటిది సరిగ్గా నిలబడేలోపు 10 పాడయ్యాయి. ఏది ఎక్కడ విరిగిందో, తర్వాత ఏం మార్చానో వరసగా రాస్తున్నాను. చెక్కతో కమాను కప్పు మోడల్ చేయాలనుకునేవాళ్లకు కనీసం ఆ పదింటి ఖర్చయినా మిగులుతుంది.

చేస్తున్నది న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో, థార్న్‌డన్ పేట మల్‌గ్రేవ్ వీధిలో ఉన్న ఓల్డ్ సెయింట్ పాల్స్ అనే చర్చి గుడి లోపలి చట్రం. 1865 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది, 1866 జూన్ 6న ప్రతిష్ఠ చేశారు. అప్పటినుంచి 1964లో కొత్త కెథడ్రల్‌కు (బిషప్ ఉండే ప్రధాన చర్చికి) ఆరాధనలు మారేదాకా వెల్లింగ్టన్ ఆంగ్లికన్లకు (ఇంగ్లండు చర్చి శాఖ క్రైస్తవులకు) ఇదే పెద్ద గుడి. గీసినవాడు ఫ్రెడరిక్ థాచర్. ఆయన ఆర్కిటెక్టు, అదే సంఘానికి పాదిరి కూడా. బయట లేత రంగు వేసిన మామూలు పలకల గుడిలా కనిపిస్తుంది. లోపలికి అడుగు పెడితే ఓడను బోర్లించి దాని కింద నిలబడినట్టు ఉంటుంది. స్తంభాలు, కమానులు, వాసాలు, పలకలు అన్నీ ఇక్కడి అడవి చెక్కే: రిము, టోటరా, మటై, కౌరీ.

గుడి మొత్తం చేయడం లేదు. 1868 నుంచి 1891 వరకు పక్క భాగాలు కలుపుతూ, ముందుకు పెంచుతూ పోయారు. అవన్నీ చేస్తే నా జీవితంలో పూర్తి కాదు. నడిమి హాలులో రెండు అంకణాలు చాలనుకున్నాను. అంకణం అంటే మన పాత ఇళ్ల లెక్కే, రెండు స్తంభాల వరసల మధ్య జాగా. అంటే మూడు చట్రాలు, ఆరు స్తంభాలు. హాలుకు అడ్డంగా ఒక్కో చట్రానికి 2 చొప్పున 6 సగం కమానులు, పొడవునా స్తంభం నుంచి స్తంభానికి ఉన్న నాలుగు ఖాళీలకు 2 సగాల చొప్పున 8. అలా 14.

దశ 1: కొలతలు, గీత

స్కేలు సుమారు 1:20. కింద ఇచ్చేవన్నీ నా మోడల్ కొలతలు.

- స్తంభాల మధ్య వెడల్పు: 380 మి.మీ.
- స్తంభం ఎత్తు: 300 మి.మీ., మందం 14 × 14
- నేల నుంచి వెన్నుగాడి (కప్పు కొన మీద పొడవునా పోయే దూలం) ఎత్తు: 610 మి.మీ.
- అంకణం పొడవు: 210 మి.మీ.

మొదటి తప్పు ఫోనుతో చేసింది. హాలు మధ్యలో నిలబడి, ఫోను పైకెత్తి ఫొటో తీసి, దాని మీద కప్పు వాలు కోణం కొలిచాను. రెండు ఫొటోల మధ్య 6 డిగ్రీల తేడా వచ్చింది. ఫోను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్టు పడతాయి, కోణం మారిపోతుంది. తిరిగి వెళ్లి ఇలా చేశాను:

1. హాలు చివర, సరిగ్గా మధ్య గీత మీద నిలబడాలి.
2. ఫోను నిలువుగా, ఏ వైపూ వంచకుండా స్టాండు మీద పెట్టాలి.
3. దగ్గరికెళ్లి వెడల్పు లెన్సుతో తీయొద్దు. దూరం నుంచి జూమ్ చేసి తీయాలి.
4. అదే చోటు నుంచి మూడు తీసి సగటు తీసుకోవాలి.

ఈసారి తేడా ఒక్క డిగ్రీ లోపే. గీత నిజం సైజులో ప్రింటు తీసి, ప్లైవుడ్ మీద అంటించాను. తర్వాతి పనులన్నిటికీ ఆ ప్లైవుడ్డే ఆధారం. ఇది దాటేసి నేరుగా కోయడం మొదలుపెట్టొద్దు.

ఇప్పటివరకు: 9 గంటలు, 12 డాలర్లు.

దశ 2: చెక్క

మోడళ్లకు వాడే తేలికైన బాల్సా చెక్కతో సులువుగా అయిపోయేది. కానీ ఈ గుడి కథంతా చెక్కలోనే ఉంది, అందుకే అదే జాతి చెక్క కావాలనుకున్నాను. న్యూజిలాండ్ ప్రభుత్వ అడవుల్లో స్వదేశీ చెట్లు నరకడం 2002లో ఆగిపోయింది. ఆ నిర్ణయం సరైనదే. రిము చెట్టు కొన్ని వందల ఏళ్లు బతుకుతుంది. వలస పాలన రోజుల్లో ఒక్క తరంలో నరికిన అడవి మళ్లీ రావడానికి ఎన్ని తరాలు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. కాబట్టి పాత ఇళ్లు పడగొట్టే చోట దొరికే చెక్కే తీసుకున్నాను.

- రిము: పాత ఇంటి గోడ లోపలి చట్రం కర్ర, 30 మి.మీ. మందం. 40 డాలర్లు.
- టోటరా: పొలం కంచె నుంచి పీకిన పాత స్తంభాలు. 15 డాలర్లు.
- బలమైన అయస్కాంతం: 9 డాలర్లు.

అయస్కాంతం మొదట కొనలేదు. రిము కర్రను చిత్రిక పడుతుంటే లోపల విరిగి ఉండిపోయిన మేకు తగిలి బ్లేడు చిట్లింది. తర్వాత అయస్కాంతం కొని కర్ర పొడవునా తిప్పితే ఇంకా 11 మేకులు దొరికాయి. చెక్క కొన్న రోజే ఈ పని చేయాలి.

ఇంకో జాగ్రత్త. పాత ఇంటి చెక్క మీద రంగు ఉంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దొద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ ధూళి పిల్లలున్న ఇంట్లోకి రాకూడదు. నేను రంగు ఉన్న వైపును 4 మి.మీ. పలకలా కోసి, సంచిలో కట్టి, చెత్త కేంద్రంలో విడిగా ఇచ్చేశాను. చెక్క కొంత పోయింది, బాధ లేదు.

టోటరా గురించి నాలుగు మాటలు చెప్పాలి. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలు పడవలు తొలిచింది, సభా గృహాల స్తంభాలు చెక్కింది ఎక్కువగా ఈ చెట్టుతోనే. నారకు అనుగుణంగా తిన్నగా చీలుతుంది, నీళ్లలో నానినా త్వరగా కుళ్లదు. అందుకే తర్వాత వచ్చిన రైతులు దీన్ని కంచె గుంజలకు వాడేశారు. నా గుంజ పైన అంతా బూడిద రంగులో, పగుళ్లతో పనికిరానిదిలా ఉంది. 5 మి.మీ. చెక్కితే లోపల ఎర్రటి చేవ, నిన్న కోసినంత తాజాగా ఉంది. షెడ్డు తలుపు మూసి కాసేపు ఆ వాసన చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటివరకు: 16 గంటలు, 76 డాలర్లు.

దశ 3: కమానులు

డైరీలో పెద్ద భాగం ఇదే. ఎందుకంటే డబ్బు, సమయం, నమ్మకం అన్నీ ఎక్కువగా పోయింది ఇక్కడే.

*మొదటి పద్ధతి: ఒకే పలక నుంచి కోయడం.* 9 మి.మీ. పలక మీద కమాను గీసి సన్న రంపంతో కోశాను. అయిదు కోస్తే మూడు ఉప్పుకాగితం పెడుతుండగానే విరిగాయి. అన్నీ ఒకే చోట, చివర నుంచి 40 మి.మీ. దగ్గర. మిగిలిన రెంటిలో ఒకదానికి నీళ్ల సీసా వేలాడదీసి, నీళ్లు పోస్తూ పోయాను. 2.3 కిలోల దగ్గర విరిగింది.

మా మేనమామ డోర్నకల్‌లో వడ్రంగి. వీడియో కాల్‌లో కమాను చూపిస్తే, "కమాను కాదురా, విరిగిన ముక్క చూపించు" అన్నాడు. దగ్గరగా పెట్టాను. "చూడు, ఇక్కడ నార కర్ర వెంబడి పోవట్లేదు, అడ్డంగా తెగింది. నార అడ్డం పడితే ఎంత మందం పెట్టినా బిస్కెట్టేరా."

"మరి మందం పెంచితే ఆగదా మావయ్యా?"

"బిస్కెట్టు మందంగా చేస్తే లడ్డూ అవుద్దా? నార వంగాలి. కోయకు, వంచు."

*రెండో పద్ధతి: ఆవిరి పట్టి వంచడం.* పీవీసీ గొట్టం, గోడ కాగితం ఊడదీసే ఆవిరి యంత్రం (ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను). అంగుళం మందానికి గంట ఆవిరి అని వడ్రంగుల లెక్క. 6 మి.మీ. పట్టీకి 15 నిమిషాలు పెట్టాను. అచ్చు మీద వంచుతుంటే బయటి వైపు నార చీలింది. 25 నిమిషాలకు పెంచాను, అయినా అదే. నాలుగు పట్టీలూ పోయాయి. కారణం తర్వాత అర్థమైంది. ఆవిరికి వంగేది పచ్చిదనం కొంతైనా మిగిలిన చెక్క. దశాబ్దాల పాటు గోడలో ఎండిన రిము ఎంత ఆవిరి పట్టినా మళ్లీ మెత్తబడదు. పాత చెక్కతో పని చేసేవాళ్లు ఈ పద్ధతి జోలికి వెళ్లొద్దు.

*మూడో పద్ధతి: పలుచని పట్టీలు పొరలుగా అతికించడం.* చివరికి పని చేసింది ఇదే. అది కూడా రెండో ప్రయత్నంలో.

కోత లెక్క: రంపం బ్లేడు 1.2 మి.మీ. మేర పొట్టు చేస్తుంది. 1.8 మి.మీ. పట్టీ కావాలంటే ఒక్కోదానికి 3 మి.మీ. చెక్క ఖర్చు. 30 మి.మీ. కర్రలో 10 పట్టీలు వస్తాయి. చిత్రిక పట్టాక 1.5 మి.మీ. మిగులుతుంది. అంటే కొన్న చెక్కలో సగం పొట్టే. ముందే లెక్క వేసుకుని కొనండి.

అచ్చు నుంచి తీశాక కమాను కొద్దిగా వెనక్కి తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుందో ఒక మోటు సూత్రం ఉంది: వంపు లోతును పొరల సంఖ్య వర్గంతో భాగించాలి. నా వంపు లోతు 95 మి.మీ.

- 4 పొరలైతే: 95 ÷ 16 = సుమారు 6. కొలిస్తే 7 మి.మీ.
- 6 పొరలైతే: 95 ÷ 36 = సుమారు 2.6. కొలిస్తే 3 మి.మీ.

సూత్రం ఇంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు. 6 పొరలు ఖాయం చేసుకుని, అచ్చును ఆ 3 మి.మీ. మేర ఎక్కువ వంపుతో కోశాను.

అయినా మొదటి రెండూ పాడయ్యాయి. తీసిన రోజు గీతకు సరిగ్గా సరిపోయాయి. 5 రోజుల తర్వాత చూస్తే ఇంకో 4 మి.మీ. తెరుచుకున్నాయి. తప్పు మామూలు తెల్ల జిగురుది. గట్టిపడినట్టే కనిపిస్తుంది గానీ, ఎప్పుడూ లాగుడులో ఉండే అతుకులో నెమ్మదిగా జారుతుంది. కుర్చీ కాలుకు పర్వాలేదు, వంచిన పట్టీలకు పనికిరాదు. నీళ్లలో కలిపే పొడి రెసిన్ జిగురుకు మారాను. అది గాజులా గట్టిపడుతుంది, జారదు. కలిపేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

చివరికి కుదిరిన క్రమం:

1. 1.5 మి.మీ. పట్టీలు ఆరు, ఒకే కర్ర నుంచి, కోసిన వరసలోనే.
2. అచ్చుకు ప్యాకింగ్ టేపు అంటించాలి, లేకపోతే కమాను అచ్చుకే అతుక్కుంటుంది.
3. జిగురు రెండు ముఖాలకూ పలుచగా.
4. క్లాంపులు (బిగించి పట్టుకునే మరలు) మధ్య నుంచి చివరలకు. చివరల నుంచి మొదలుపెడితే మధ్యలో ఖాళీ మిగులుతుంది.
5. రాత్రంతా వదిలేయాలి. చలిగా ఉంటే గది వెచ్చగా ఉంచాలి. 10 డిగ్రీల షెడ్డులో ఒకటి సరిగ్గా పట్టలేదు.

ఇలా చేసినదానికి 6 కిలోలు వేలాడదీశాను. విరగలేదు. అంతకంటే బరువు పెట్టలేదు, అది గుడిలోకి వెళ్లాల్సిన కమాను.

ఈ దశకు 34 గంటలు, 58 డాలర్లు (గొట్టం 14, జిగురు 29, బ్లేడు 15). ఇప్పటివరకు: 50 గంటలు, 134 డాలర్లు.

దశ 4: స్తంభాలు, అతుకులు

టోటరా స్తంభానికి చదరపు గూడు, కమాను చివర దానిలోకి దిగే నాలుక. గూడు 5 × 9 మి.మీ., లోతు 7. ఉలి 4 మి.మీ.ది వాడాను. టోటరా మెత్తన, చక్కగా తెగుతుంది, కానీ ఉలి నార వెంబడి పెట్టి కొడితే తటాలున చీలిపోతుంది. ఒక స్తంభం అలా పోయింది. ముందు నారకు అడ్డంగా రెండు చివరలూ తెంపి, తర్వాతే లోపల తీయాలి.

జిగురు పెట్టి నాలుగు అతుకులు చేశాను. మర్నాడు చేత్తో లాగితే నాలుగూ ఊడివచ్చాయి. జిగురు కమాను వైపు అంటుకుని ఉంది, టోటరా వైపు అద్దంలా శుభ్రంగా ఉంది. టోటరా చేవలో సహజంగా ఉండే నూనె జిగురును పట్టనివ్వదు. రంగులు వేసేవాళ్లకు కూడా ఈ చెక్కతో ఇదే ఇబ్బంది. కుళ్లకుండా ఉండే చెక్కకు జిగురూ అంటదు మరి.

మార్చింది రెండు విషయాలు. గూటిని ఎసిటోన్ గుడ్డతో తుడిచి, పావుగంటలోపే జిగురు పెట్టాను, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది. రెండోది, సగం అతుకులకు జిగురే లేకుండా చెక్క సీలలు వేశాను. వెదురు పుల్లను 2.5 మి.మీ.కి గీసి, స్తంభంలో రంధ్రానికీ నాలుకలో రంధ్రానికీ అర మిల్లీమీటరు తేడా పెట్టి దిగ్గొట్టాను. సీల దిగుతూ నాలుకను లోపలికి లాగుతుంది. క్లాంపు అవసరం లేదు.

ఏది మేలో తేల్చడానికి రెండు రకాలూ పక్కపక్కనే పరీక్షించాను. జిగురు అతుకు 1.8 కిలోల దాకా కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా టప్పుమని చీలింది, స్తంభంలో ముక్కతో సహా. సీల అతుకు 1 కిలో నుంచే వాలడం మొదలుపెట్టింది. 1.8 దగ్గర 5 మి.మీ. వాలింది, బరువు తీసేస్తే 4 మి.మీ. వెనక్కి వచ్చింది. ఏదీ విరగలేదు. అప్పుడే ఊడదీసి, అన్నీ సీలలకే మార్చాను.

ఈ మార్పుకు గుడి చరిత్రలోనే జవాబుంది. వెల్లింగ్టన్‌ను 1848లో ఒక పెద్ద భూకంపం కుదిపింది. 1855 జనవరి 23 రాత్రి వచ్చినది ఇంకా పెద్దది, తీవ్రత 8.2గా లెక్కగట్టారు. తీరం వెంట నేలే పైకి లేచింది. ఇటుక, రాతి కట్టడాలు దెబ్బతిన్నాయి, చెక్కవి ఎక్కువగా నిలబడ్డాయి. పదేళ్ల తర్వాత థాచర్ గుడి గీసేటప్పుడు ఇంగ్లండులో రాతితో కట్టే గోథిక్ రూపాన్నే (కొన తేలిన కమానుల శైలి) తీసుకున్నాడు, పదార్థం మాత్రం చెక్క. అంతకుముందు ఆక్లండ్ వైపు బిషప్ సెల్విన్ కోసం చిన్న చెక్క గుళ్లు గీసిన అనుభవం ఆయనకుంది. రాతి కమాను బరువుతో నిలబడుతుంది. చెక్క కమాను నార పట్టుతో నిలబడుతుంది, కొంచెం కదిలి సర్దుకుంటుంది.

మా మావయ్య ఊరి కెథడ్రల్ గుర్తొచ్చింది. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ కూడా ఆంగ్లికన్ గుడిగానే కట్టింది, 1939లో ప్రతిష్ఠించారు. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య ఇంగ్లండు గుడిని అలాగే దింపలేదు, మన దేవాలయాల, మసీదుల రూపాలు కలిపి కట్టించాడు. ఇక్కడ చెక్క, అక్కడ రూపం. రెండు చోట్లా నేలను చూసి కట్టారు. చిన్నప్పుడు క్రిస్మస్‌కు ఆ స్తంభాల మధ్య పరుగెత్తినప్పుడు ఇది తెలియలేదు, ఇప్పుడు ఉలి పట్టుకున్నాక తెలుస్తోంది.

ఈ దశకు 19 గంటలు, 22 డాలర్లు. ఇప్పటివరకు: 69 గంటలు, 156 డాలర్లు.

దశ 5: నిలబెట్టడం, లాగి చూడటం

కమానులు అందం కోసమా, పని కోసమా? ఫొటోలు చూసినవాళ్లు అందరూ అడిగారు. కొలవడం సులువే. స్తంభం తలకు దారం కట్టి, స్ప్రింగు త్రాసుతో 500 గ్రాములు లాగి, తల ఎంత పక్కకు జరిగిందో స్కేలుతో చూశాను.

హాలుకు అడ్డంగా:
- స్తంభాలు, వాసాలు మాత్రమే: 23 మి.మీ.
- అడ్డ కమానులు కలిపాక: 7 మి.మీ.

హాలు పొడవునా:
- కమానులు లేకుండా: 31 మి.మీ.
- పొడవు కమానులు కలిపాక: 9 మి.మీ.
- పైన కప్పు పలకలు కూడా సీలలతో బిగించాక: 3 మి.మీ.

31 నుంచి 3కు. మూడుసార్లు కొలిచాను, ప్రతిసారీ మిల్లీమీటరు అటూ ఇటూ. మనం గుడిలో తల పైకెత్తి చూసి ఎంత బావుందో అనుకునే ఆ వంపులన్నీ నూటయాభై ఏళ్లకు పైగా ఆ గాలుల ఊర్లో పని చేస్తూనే ఉన్నాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఒక హెచ్చరిక. ఈ అంకెలు చూసి అసలు గుడి బలం లెక్కగట్టొద్దు. 1:20కి తగ్గిస్తే బరువు 8,000 రెట్లు తగ్గుతుంది, కర్ర అడ్డుకోత 400 రెట్లే తగ్గుతుంది. అంటే మోడల్ తన బరువుతో పోలిస్తే 20 రెట్లు బలంగా కనిపిస్తుంది. ఒక చట్రాన్ని ఇంకో చట్రంతో పోల్చడానికే ఈ పరీక్ష పనికొస్తుంది. అసలు గుడికి భూకంప బలోపేతం 2019, 2020 సంవత్సరాల్లో ఇంజనీర్లు చేశారు, ఆ సమయంలో గుడి మూసి ఉంచారు.

నిలబెట్టేటప్పుడు జరిగిన తప్పు: మూడు చట్రాలూ విడివిడిగా పూర్తి చేసి, చివర్లో పొడవు కమానులు ఇరికించబోయాను. గూళ్లలోకి దిగవు, ఎందుకంటే స్తంభాల మధ్య దూరం అప్పటికే కుదిరిపోయింది. రెండు చట్రాల సీలలు కొట్టి తీసి, మళ్లీ కట్టాల్సి వచ్చింది. 5 గంటలు పోయాయి. సరైన వరస:

1. ఒక పక్క మూడు స్తంభాలు, వాటి పొడవు కమానులు కలిపి నేల మీద పడుకోబెట్టి బిగించాలి.
2. రెండో పక్క కూడా అలాగే.
3. రెండు పక్కలనూ నిలబెట్టి, అప్పుడు అడ్డ కమానులు, వాసాలు.
4. వెన్నుగాడి చివరన.

ఈ దశకు 16 గంటలు, 18 డాలర్లు. ఇప్పటివరకు: 85 గంటలు, 174 డాలర్లు.

దశ 6: పలకలు, నూనె

కప్పు పలకలు 1.5 మి.మీ. రిము, 9 మి.మీ. వెడల్పు, మొత్తం 92. గుడి లోపలి ముదురు తేనె రంగు కోసం ఒక ముక్క మీద దుకాణం స్టెయిన్ వేశాను. రిము ఒక్కోచోట ఒక్కోలా తాగేసింది, మచ్చలు మచ్చలుగా నల్లబడింది. తుడిచినా పోలేదు. అదృష్టం కొద్దీ అది పనికిరాని ముక్క మీదే చేశాను. రంగు వద్దనుకుని మరిగించిన అవిసె నూనె మాత్రమే రెండు పూతలు వేశాను. రిము తనంతట తానే ముదురుతుంది. కిటికీ పక్కన పెట్టిన ముక్క మూడు వారాలకే తేడా చూపించింది.

నూనె గుడ్డల గురించి గట్టిగా చెబుతున్నాను. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేస్తే, లోపల వేడి పెరిగి తనంతట తానే మంట అంటుకోవచ్చు. ఆరుబయట తీగ మీద విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచాలి. చెక్క గుడి మోడల్ చేస్తూ ఈ విషయంలో అశ్రద్ధ చేయకూడదు. చెక్క గుళ్లకు నిప్పు ఎంత పనైనా చేస్తుంది. కెనడా నోవా స్కోషియాలోని లూనెన్‌బర్గ్‌లో, 1754లో కట్టిన సెయింట్ జాన్స్ అనే ఆంగ్లికన్ చెక్క గుడి 2001 అక్టోబరు 31 రాత్రి మంటల్లో చిక్కుకుంది. ఆ ఊరివాళ్లు మళ్లీ నిలబెట్టుకున్నారు, 2005లో తిరిగి తెరిచారు. మంటల ఫొటోలు చూసిన రోజు షెడ్డులో పొగ అలారం పెట్టించాను, దాని ధర కూడా లెక్కలో కలిపాను.

ఈ దశకు 14 గంటలు, 31 డాలర్లు. ఇప్పటివరకు: 99 గంటలు, 205 డాలర్లు.

దశ 7: జెండా

ఇది చిన్న పని, కానీ తప్పు చేశాను కాబట్టి రాస్తున్నాను. గుడి హాలులో అమెరికా జెండా ఒకటి వేలాడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ల రెండో డివిజన్ వెల్లింగ్టన్‌లో బస చేసింది, ఆ జ్ఞాపకంగా. నేను ఇంటర్నెట్‌లో దొరికిన జెండా బొమ్మ పలుచని నూలు గుడ్డ మీద ప్రింటు తీసి తగిలించాను. గుడిలో పర్యాటకులకు వివరించే ఒక పెద్దావిడ ఫొటో చూసి, నక్షత్రాలు లెక్కపెట్టు బాబూ అన్నట్టు ఇంగ్లిషులో మెల్లగా చెప్పారు. నాది 50 నక్షత్రాల జెండా. యుద్ధం నాటికి అమెరికాలో 48 రాష్ట్రాలే, అలాస్కా, హవాయి చేరింది 1959లో. గుడిలో ఉన్నది 48 నక్షత్రాలది. నేను ఎన్నిసార్లు దాని కింద నిలబడ్డానో, ఒక్కసారీ లెక్కపెట్టలేదు. మళ్లీ ప్రింటు తీశాను.

ఆమె దగ్గరే ఇంకో సంగతి వివరంగా విన్నాను. కొత్త కెథడ్రల్ వచ్చాక ఈ గుడి అవసరం లేదన్నవాళ్లు ఉన్నారు. ఊరి జనం ఏళ్ల తరబడి గొడవ చేస్తే 1967లో ప్రభుత్వం కొని, పాత రూపానికి తెచ్చే పని చేపట్టింది. ఇప్పుడు జాతీయ వారసత్వ సంస్థ చూసుకుంటోంది, వారసత్వ కట్టడాల జాబితాలో మొదటి వర్గం. ఆ గొడవ చేసినవాళ్లు లేకపోతే నేను కొలవడానికి కమానే మిగిలేది కాదు. మోడల్ పీఠం కింద "1866" పక్కనే "1967" కూడా చెక్కాను.

ఇప్పటివరకు: 102 గంటలు, 211 డాలర్లు.

ఇంకా మిగిలినవి

- రెండో చట్రం ఎడమ స్తంభంలో ఒక సీల వదులైంది. చలికాలం హీటర్ గాలికి టోటరా కుంచించుకుపోయినట్టుంది. 2.5 బదులు 2.7 మి.మీ. సీల గీసి పెట్టాను, శనివారం మార్చాలి.
- కప్పు పలకల్లో 7 కొద్దిగా పైకి లేచాయి. వాటి కింద వైపుకు నూనె పట్టలేదు, పై వైపుకే పట్టాను. పలకకు రెండు వైపులా సమానంగా పట్టాలి. విప్పి మళ్లీ పట్టాలి.
- మావయ్య మోడల్ ఫొటో చూసి, మూడో చట్రం కుడి కమాను మిగతావాటికంటే ఒక నూలు (వడ్రంగుల చిన్న కొలత) లోపలికి ఉందన్నాడు. స్కేలు పెట్టి చూశాను. 2 మి.మీ. ఉంది.